నది ఒడ్డు బిచ్చగాళ్లు, వాడ చివరి చిందోళ్లు

(మన ఆట, మన చరిత్ర – 11వ భాగం)



మొన్న కరీంనగర్ల డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. హాస్టల్ల పది పన్నెండు మంది పోరగాండ్లు కలిసి, ఆదివారం పూట కూసొని జపాన్ పాత నాటకం గురించి నేర్చుకునే క్లబ్బు పెట్టుకుందామనుకుంటున్నరట. ఫోన్ల కార్టూన్ సినిమాలు చూసుకుంట చూసుకుంట కబుకి దాకా పోయిండ్రు. "అన్నా, స్కాలర్‌షిప్పులే టైంకు వస్తలేవు, మీకు జపాన్ నాటకం ఏందిరా అని సీనియర్లు నవ్వుతున్నరు. బంద్ పెట్టాల్నా?" అని అడిగిండు.

బంద్ పెట్టకు తమ్మీ అన్న. ఫోన్ల చెప్పింది సగమే. మిగతా సగం అందరికీ పనికొస్తదని ఈ భాగం రాస్తున్న. జపాన్ నాటకం మూట విప్పితే అండ్ల మన వాడ కనపడుతది. మాదిగ డప్పు, చిందోళ్ల గజ్జె, డక్కలోళ్ల కథ, మా అవ్వ చేసిన తప్పు కూడ కనపడుతది. ఆ తప్పు కాడికి చివరికి వస్త.

ముందుగాల 'నో' నాటకం సంగతి. చెక్క ముసుగు పెట్టుకొని, తెల్ల మేజోళ్లు తొడిగి, నున్నటి చెక్క వేదిక మీద మెల్లమెల్లగ నడుస్తరు. వెనక ఒక పిల్లనగ్రోవి, రెండు మూడు డోళ్లు, పక్కకు వరుసగ కూసున్న వంతపాటగాళ్లు. ఇయ్యాల జపాన్ల ఇది పెద్దింటి కళ. టికెట్ కొనుక్కొని, గమ్మున కూసొని చూస్తరు. దీన్ని ఈ రూపానికి తెచ్చినోళ్లు తండ్రీకొడుకులు, కన్నామి, జెయామి. 14వ శతాబ్దంల వీళ్లది ఊరూరు తిరిగే సరుగాకు మేళం. గుళ్ల కాడ, జాతర్ల కాడ ఆడి పొట్ట పోసుకునే బతుకు.

దేశాన్ని ఏలే షోగున్ అషికాగ యోషిమిత్సు వీళ్ల ఆట చూసి మెచ్చిండు. పిల్లగాడు జెయామిని చేరదీసిండు. 1378ల క్యోటోల గియోన్ జాతర చూసేటప్పుడు ఆ పిల్లగాన్ని తన పక్కన కూసోబెట్టుకున్నడు. అది చూసిన ఒక రాజకొలువు పెద్దమనిషికి కడుపు మండింది. సరుగాకు అంటే బిచ్చగాళ్ల పని, అసుంటోన్ని పక్కన కూసోబెట్టుకునుడు ఏందని తన దినచర్య పుస్తకంల రాసుకున్నడు. ఇయ్యాల జపాన్ తలెత్తి చూపించుకునే మహాకవి గురించి ఆనాడు పెద్దకులపోడు రాసిన మాట ఇది. జెయామి ముసలితనంల, 1434ల, ఇంకో షోగున్ ఆయనను సాదో దీవికి వెళ్లగొట్టిండు. దొర మెచ్చితే పక్కన పీట, దొర మారితే దేశబహిష్కారం. మనకు తెల్వని సంగతా ఇది?

బిచ్చగాళ్లు అన్న మాట ఊకెనే రాలేదు. ఆ కాలంల క్యోటోల కామో నది ఒడ్డున కొంతమంది ఉండేటోళ్లు. వాళ్లను 'కవరమోనో' అనేటోళ్లు. అంటే నది ఒడ్డోళ్లు. వరద వస్తే మునిగే నేల గాబట్టి దానికి శిస్తు లేదు. చచ్చిన గొడ్డును కోసి తోలు ఊనడానికి నీళ్లు కావాలె గాబట్టి ఏరు కావాలె. గొడ్డు కోసేది వాళ్లే, తోలు ఊనేది వాళ్లే, పీనుగుల పని వాళ్లదే. తోటలు వేసేది కూడ వాళ్లే. ఇయ్యాల ప్రపంచమంతా మెచ్చుకునే జపాన్ తోటల పనిల పేరుమోసిన జెన్నామి కవరమోనోనే. అదే నది ఒడ్డున గుడారాలు ఏసుకొని ఆటలు ఆడేటోళ్లు. అందుకే తర్వాత వందల ఏండ్లు నాటకపోళ్లను 'నది ఒడ్డు బిచ్చగాళ్లు' అని తిట్టిండ్రు. తోలు, పీనుగు, ఆట మూడింటినీ ఒకే మైల కింద కట్టిండ్రు. మన దగ్గర మనువు చేసిన పనిని అక్కడ కూడ ఎవడో చేసిండు.

ఇగ కబుకి. దాన్ని మొదలుపెట్టింది ఒక ఆడామె. పేరు ఒకుని. 1603ల క్యోటోల మొగవేషం కట్టి, నడుముకు కత్తి చెక్కి, వీధిల ఆడింది. జనం ఎగబడ్డరు. ఇంకా ఎన్నో ఆడోళ్ల మేళాలు పుట్టినయి. 1629ల సర్కారు నీతి పేరు చెప్పి ఆడోళ్లు స్టేజీ ఎక్కొద్దని బంద్ పెట్టింది. తర్వాత పడుచు పిల్లగాండ్లు ఆడిండ్రు, 1652ల వాళ్లనూ బంద్ పెట్టింది. చివరికి పెద్ద మొగోళ్లే ఆడవేషాలు కట్టిండ్రు. ఆడామె పుట్టించిన ఆటల ఆడామెకు జాగ లేకుంట పోయింది. 'నో' నాటకంల కూడ ఆడోళ్లను వృత్తి కళాకారుల సంఘంల చేర్చుకున్నది 1948లనే. చెల్లెళ్లు ఇది మనసుల పెట్టుకోండ్రి. మన చిందు భాగోతంల ఆడోళ్లు ఎన్నడూ పక్కకు పోలేదు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ ఆడవేషమూ కట్టింది, మొగవేషమూ కట్టింది. కూచిపూడిల మాత్రం 20వ శతాబ్దం దాకా బ్రాహ్మణ మొగోళ్లే సత్యభామలు. పైకులం కళ ఆడదాన్ని ఆపింది, కిందికులం కళ ఆడదాన్ని ఆడనిచ్చింది. కానీ అదే ఆడదాన్ని ఎల్లమ్మ పేరు మీద జోగినిని చేసి ఊరి దొరల ముందటికి తోసిన పాపం కూడ ఈ నేల మీదనే నడిచింది. దాన్ని ఆపడానికి 1988ల చట్టం తేవాల్సి వచ్చింది. రెండూ చెప్తేనే చరిత్ర.

ఇప్పుడు అసలు ముచ్చట. క్లబ్బుల ఒక ఆదివారమంతా దీని మీదనే కూసోండ్రి.

ఎడో అంటే ఇప్పటి టోక్యో. అక్కడ అంటరానోళ్లను రెండు పేర్లతోని పిలిచేటోళ్లు. 'ఎత' అంటే మస్తు మైల ఉన్నోళ్లు. 'హినిన్' అంటే మనుషులు కానోళ్లు. ఎడో చుట్టుపక్కల దేశమంతటి ఎతలకు ఒక పెద్ద ఉండేటోడు. ఆ పదవి పేరు దంజాయెమోన్. తండ్రి తర్వాత కొడుకు. తోలు వ్యాపారం ఆయన చేతిల. హినిన్ల మీద కూడ ఆయన పెత్తనమే. ఊర్ల నాటకం ఆడాలన్నా, బొమ్మలాట ఆడాలన్నా ఆయన ఒప్పుకోవాలె, ఆయనకు పైసలు కట్టాలె. షోగున్ సర్కారు అట్ల ఏర్పాటు చేసింది. కిందోళ్లను ఏలడానికి కిందోళ్లల్లనే ఒక దొరను పెట్టింది.

1708ల ఒక బొమ్మలాట మేళం దంజాయెమోన్‌ను అడగకుంట ఆట కట్టింది. ఆయన మనుషులు వచ్చి ఆటను చెడగొట్టిండ్రు. మేళపోళ్లు కోర్టుకెక్కిండ్రు. తీర్పు దంజాయెమోన్ మీదికి వచ్చింది. అప్పటిసంది కబుకివాళ్లు, బొమ్మలాటవాళ్లు ఆయన చేతికింద లేరు. ఎడో నాటకపోళ్లు పండుగ చేసుకున్నరు. అప్పటి గొప్ప నటుడు రెండో ఇచికావా దంజురో ఆ తీర్పు కాయితాలను ఇంటి నిధి లెక్క దాచుకున్నడంటరు. 1713ల ఆయన ఆడిన 'సుకెరొకు' నాటకంల తెల్లగడ్డం దుర్మార్గుడు ఇక్యూ దంజాయెమోన్‌కు వెక్కిరింపే అని కొందరు చరిత్రకారులు చెప్తరు.

ఇందుల ఎవరు గెలిచిండ్రు? నాటకపోళ్లు గెలిచిండ్రు, అది ఖరే. కానీ ఎట్ల గెలిచిండ్రు? "అంటరానితనం తప్పు" అని గెలవలేదు. "మేము వాళ్లం కాదు" అని గెలిచిండ్రు. తోలు ఊనేటోన్ని, పీనుగు మోసేటోన్ని కిందనే ఉంచి, తాము ఒక మెట్టు ఎక్కిండ్రు. బాబాసాహెబ్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత ఇదే. ప్రతివాడికి తలమీద ఒక కాలు ఉంటది, కాలికింద ఒక తల ఉంటది. తలమీది కాలే గుర్తుంటది, కాలికింది తల యాదికి రాదు.

ఆ మెట్టు కూడ గట్టిది కాదు. 1840ల్ల వచ్చిన సంస్కరణలల్ల సర్కారు నాటకశాలలను ఊరి అంచుకు, అసకుసాకు తోలింది. నటులు బయట తిరిగితే గడ్డి టోపీతోని మొఖం కప్పుకోవాలన్నది. ఏడో దంజురో సోకులు ఎక్కువైనయని 1842ల ఎడో నుంచే వెళ్లగొట్టింది.

ఇగ ఒక తారీఖు రాసుకోండ్రి. 1871 అక్టోబర్ 12. ఆ రోజు జపాన్ కొత్త సర్కారు ఎత, హినిన్ అన్న పేర్లను కొట్టేసింది. ఇప్పటిసంది వాళ్లూ అందరి లెక్కనే అన్నది. అదే రోజు మన దేశంల తెల్లదొరల సర్కారు నేరస్థ తెగల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే దొంగలని కొన్ని జాతులకు ముద్ర కొట్టింది. తిరిగి ఆడేటోళ్లు, పాడేటోళ్లు ఎందరో ఆ ముద్ర కింద పడ్డరు. ఒకే రోజు ఒక దేశంల ముద్ర తీసేసిండ్రు, ఇంకో దేశంల ముద్ర ఏసిండ్రు.

తీసేసిన ముద్ర నిజంగ పోయిందా? 1873ల మిమాసాకా ప్రాంతంల రైతులు తిరగబడి, "మీరు పాత తీరుగనే ఒంగి ఉండాలె" అని ఆ వాడల మీద పడ్డరు. ఇండ్లు తగలబెట్టిండ్రు, మనుషులను చంపిండ్రు. పైంగ ఇంతకాలం వాళ్ల చేతిల ఉన్న తోలు వ్యాపారం పెద్ద పెట్టుబడిదారులకు పోయింది. మైల పోలేదు, బువ్వ పోయింది.

ఆట మాత్రం మెట్లెక్కుకుంట పోయింది. 1887 ఏప్రిల్ల విదేశాంగ మంత్రి ఇనోవె కవొరు ఇంట్ల చక్రవర్తి కూసొని తొమ్మిదో దంజురో కబుకి చూసిండు. నది ఒడ్డు బిచ్చగాళ్ల ఆట రాజుగారి ముందటికి పోయింది. 1950ల సాంస్కృతిక సంపద రక్షణ చట్టం వచ్చింది. దాని కింద గొప్ప కళాకారులను సజీవ జాతీయ సంపద అని గుర్తించి ఏడాదికి 20 లక్షల యెన్‌లు ఇస్తరు. యునెస్కో 2001ల 'నో'ను, 2005ల కబుకిని ప్రపంచ వారసత్వ కళలుగ ప్రకటించింది.

మరి వాడల సంగతి? 1922 మార్చి 3న క్యోటోల ఆ వాడల యువకులు 'సుయిహెయిషా' పెట్టిండ్రు. అంటే సమానుల సంఘం. మన మహద్ చెరువు పోరాటానికి ఐదేండ్లు ముందుగాల. ఇంత కొట్లాడినా 1975ల ఒక సంగతి బయటపడ్డది. ఆ వాడలు ఏ ఊర్ల, ఏ పేట్ల ఉన్నయో జాబితా అచ్చేసి దొంగతనంగ కంపెనీలకు అమ్ముతున్నరు. ఎందుకు? ఉద్యోగానికి వచ్చినోని అడ్రస్ చూసి కులం పట్టుకోవడానికి. వివక్ష పోవాలని 2016ల కూడ ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. యునెస్కో కళకు దండేసిన పదకొండేండ్లకు గూడ పుట్టిన పేట పేరు చెప్పాలంటే భయమే. ఆట ఎదిగినంత మాత్రాన ఆటను కన్న మనుషులు ఎదిగినట్టు కాదు. మీ క్లబ్బు గోడ మీద ఈ ఒక్క మాట రాసి పెట్టుకోండ్రి.

డోలు సంగతి కూడ చూడుండ్రి. 'నో' నాటకంల నడుము మీద పెట్టి కొట్టే 'ఒత్సుజుమి' అనే డోలు ఉంటది. ఆటకు ముందు దాని తోలును బొగ్గుల కుంపటి మీద కాగబెడతరు, అప్పుడే ఖంగుమంటది. మన డప్పును మంట కాడ కాగబెట్టినట్టే. తోలు ఎక్కడిదైనా తోలే, దానికి నిప్పు కావాలె. కానీ ఆ తోలు ఊనిన చేయి ఎన్నడూ వేదిక ఎక్కలేదు. ఒసాకల నానివ అనే పేట డోళ్లు చేయడంల పేరున్న బురాకు వాడ. డోళ్లు చేసి అమ్మిండ్రే గానీ వాళ్లు కొట్టలేదు. 1987ల ఆ పేట పడుచువాళ్లు ఒక డోలు బృందం పెట్టుకున్నరు. దాని పేరు 'ఇకారి', అంటే కోపం. మేము చేసిన డోలును మేమే కొడతమని నిలబడ్డరు. ఇదీ ఒక క్లబ్బే తమ్మీ.

ఇగ మన ఇంటికి వద్దాం. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్, నిజామాబాద్, వరంగల్ జిల్లాల మాదిగ వాడలకు చిందోళ్లు తెలుసు. చిందు అంటే అడుగు, ఎగిరే అడుగు. మద్దెల, తాళాలు, హార్మోని. చెక్క కిరీటాలు, భుజకీర్తులు, మొఖానికి పసుపుపచ్చ అర్దళం. సారంగధర, చెంచులక్ష్మి, హరిశ్చంద్ర ఆడతరు. అన్నిటికంటే మనకు ముఖ్యమైంది జాంబపురాణం. భూమి పుట్టకముందే పుట్టిన మన మూలపురుషుడు జాంబవంతుడు, ఎదురుంగ బ్రాహ్మణుడు. "నువ్వు ఎక్కువనా, నేను ఎక్కువనా" అని ఆట నడిమిట్ల వాదం. అక్షరం రానియ్యని కాలంల మనకు చరిత్ర పాఠం చెప్పిన బడి అది. జెయామి మేళానికి గుడి ఉన్నట్టు చిందు మేళానికి మాదిగ వాడ. ఏ మేళానికి ఏ ఊర్లు అని మిరాశి హక్కు ఉంటది. ఆ ఊర్ల మాదిగలు వాళ్లను పోషించాలె. ఆదిలాబాద్ల గోండు అన్నలకు కిక్రి వాయించి వాళ్ల వంశాల కథలు చెప్పే పరధాన్లు, తోటీలు ఉన్నట్టే. కూచిపూడికి తానీషా అగ్రహారం రాసిచ్చిండని చెప్పుకుంటరు. చిందోళ్లకు ఏ నవాబూ ఏ దొరా గుంట భూమి రాసియ్యలేదు. వాళ్లను సాదింది మన వాడల గింజలే.

ఇప్పుడిప్పుడు సర్కారు కండ్లు ఇటు తిరిగినయి. 2021ల మర్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి, 2024ల జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. సంతోషం, ఆ దండ మనందరి మెడల పడ్డట్టే. కానీ 1887ను, 1975ను పక్కపక్కన పెట్టి చూసినోళ్లం మనం. రేపు చిందు కూడ ఆడిటోరియం ఎక్కుతది, టికెట్ పెడతరు. చిందోళ్ల పిల్లలు మాత్రం వాడ చివర్లనే ఉంటే?

ఇప్పుడు మా అవ్వ ముచ్చట.

నా చిన్నప్పుడు ఎండకాలం మా వాడకు చిందోళ్లు వచ్చేటోళ్లు. వేపచెట్టు కింద దిగేటోళ్లు. రాత్రి ఆట మొదలైతే పొద్దు పొడిచేదాకా పిల్లలం కదిలేటోళ్లం కాదు. డక్కలోళ్లు కూడ వచ్చేటోళ్లు, పటం చూపెట్టి మన కులపురాణం చెప్పేటోళ్లు. కానీ వాళ్లు వాడల దిగేటోళ్లు కాదు, వాడ బయటనే. మా అవ్వ వాళ్లకు బియ్యం పైనుంచి పోసేది, చేయి తగలకుంట. ఊరి బాయి కాడ మా అవ్వ దోసిలి పడితే దొరసాని నీళ్లు ఎట్ల పైనుంచి పోసేదో, అట్లనే, అదే ఎత్తు నుంచి. నేను అప్పుడు అడగలేదు. చాలా ఏండ్ల తర్వాత దంజాయెమోన్ కథ చదివినప్పుడు ఆ బియ్యం పడ్డ చప్పుడు నా చెవుల ఇనపడ్డది. మన పురాణాన్ని కాపాడినోన్ని మనమే వాడ బయట కూసోబెట్టినం. అవ్వను తిట్టడానికి చెప్తలేను. ఆమెకు నేర్పిందే అది. మనం చదువుకున్నం, మనకు ఆ సాకు లేదు.

అందుకే తమ్మీ, మీ క్లబ్బు నడవాలె. మన పెద్దలకూ ఇది కొత్త కాదు. 1906ల హైదరాబాద్ల భాగ్యరెడ్డి వర్మ గారు జగన్‌మిత్ర మండలి పెట్టి హరికథలతోనే జనాన్ని కూడేసిండు. ఆట, పాట, చదువు ఒక్క కాడ కలిస్తే ఉద్యమం పుడుతదని ఆయనకు తెలుసు.

జపాన్ నుంచి నేర్చుకోవాల్సిన మంచి కూడ రెండు చెప్త. యమగాత జిల్లాల కురొకావా అనే ఊరు ఉన్నది. అక్కడ 'నో' ఆడేది వృత్తి నటులు కాదు, రైతులు. ఊరు రెండు జట్లుగ విడిపోయి ఐదు వందల ఏండ్లసంది కసుగ గుడి కాడ ఆడుతున్నరు. ఫిబ్రవరి 1 రాత్రి ఒక చిన్న పిలగాడు నేలను తొక్కి ఆట మొదలుపెడతడు, తెల్లారేదాకా నడుస్తది. కళ బతకాలంటే పట్నంల ఆడిటోరియం ఒక్కటే తొవ్వ కాదు, ఊరంతా పట్టుకుంటే కూడ బతుకుతది. రెండోది, జెయామి తన విద్యను తానే రాసిపెట్టిండు. ఏ వయసుల ఎట్ల నేర్చుకోవాలె, చూసేటోని మనసు ఎట్ల గెలవాలె అని 'ఫూషికదెన్' రాసిండు. ఇంటోళ్లు దాన్ని గుట్టుగ దాచిండ్రు, 1909లగాని అచ్చు కాలేదు. కానీ రాసింది ఉన్నది గాబట్టి దొరికింది. మన చిందు పెద్దల ఫూషికదెన్ ఏ కాయితం మీద ఉన్నది? వాళ్ల నాలుక మీద, కాళ్ల గజ్జెల మీద. ఒక ముసలామె కన్నుమూసిన నాడు ఒక పుస్తకం కాలిపోతది, ఊరికి సప్పుడు కూడ ఇనపడదు.

కాబట్టి ఇట్ల చేయండ్రి. ఒక ఆదివారం 'నో' ఆట వీడియో చూడుండ్రి. తర్వాతి ఆదివారం చిందోళ్ల ఇంటికి పోండ్రి. షూటింగ్ చేయడానికి కాదు, నేర్చుకోవడానికి. ముందుగాల అడగండ్రి, ఒప్పుకుంటేనే రికార్డు చేయండ్రి, రికార్డు ఒక కాపీ వాళ్లకే ఇయ్యండ్రి. మీరు చందాలేసుకున్న పైసలల్ల గురువు కట్నం పక్కకు తీయండ్రి, అది దానం కాదు, ఫీజు. జాంబపురాణం వాదాన్ని వాళ్ల నోటితోని ఇని, వాళ్ల పేరు మీదనే రాయండ్రి. డక్కలి పెద్దమనిషిని హాస్టల్‌కు పిలిస్తే ముందటి కుర్చీల కూసోబెట్టి, అందరితోని ఒకే బంతిల బువ్వ పెట్టుండ్రి. చెల్లెళ్లను వంతపాటకు కాదు, వేషానికి పిలువుండ్రి. సీనియర్లు నవ్వితే నవ్వనీయండ్రి, 1378ల కూడ ఒకడు నవ్విండు.

అన్నం వడ్డించేటప్పుడు మాత్రం చేయి పైకెత్తకుండ్రి. గిన్నె దగ్గరికి వంగండ్రి. చేయికి చేయి తగలనీయండ్రి.

వచ్చే భాగంల డక్కలి పటం గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.